సరంగు ఉన్నాడా, పోయాడా

అప్పట్లో నా ఉద్యోగమే థాంక్యూ చెప్పడం. హైదరాబాదులో కాల్ సెంటర్. అవతలివాడు మంచిగా మాట్లాడినా థాంక్యూ, తిట్టినా థాంక్యూ, మాట మధ్యలో టక్కున పెట్టేసినా ఆ ఖాళీ లైనులోకి థాంక్యూ. అది చాలదన్నట్టు మాకు అప్పుడప్పుడూ ఒక ట్రైనరు వచ్చి క్లాసు పీకేవాడు. కృతజ్ఞత ఉన్నవాళ్ళకి నిద్ర బాగా పడుతుందట, బీపీ అదుపులో ఉంటుందట, పడుకునే ముందు ఆ రోజు జరిగిన మంచి విషయాలు తలుచుకోవాలట. నేను తలుచుకునేదాన్ని. ఆయన క్లాసు లేని రోజులు మాత్రమే గుర్తొచ్చేవి. నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆటోవాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

కృతజ్ఞత అన్న మాటకి అర్థం ఉందని నాకు మొదటిసారి అనిపించింది గోదావరి పుష్కరాల ఏడాది. అనిపించేలా చేసింది మా పెదనాన్న. ఆయన ఎవరికీ థాంక్యూ చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

పెదనాన్నది రాజమండ్రిలో స్టీలు సామాన్ల కొట్టు. పిల్లల్లేరు. ఎండాకాలం సెలవుల్లో నేనే వాళ్ళ పిల్లని. పెద్దమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆవిడ పోయాక ఆయన కొట్టు తెరవడం మానేశాడు. అన్నం కెలికి వదిలేసేవాడు. డాక్టరు నిద్రమాత్రలు రాసిస్తే అవి మింగి కూడా మేలుకునే ఉండేవాడు. మా నాన్నకి కాలు విరిగి కట్టుతో ఉండడం వల్ల నన్ను పంపాడు. "లీవు పెట్టి వెళ్ళు. పెద్దమ్మకి పుష్కరాల్లో పిండప్రదానం చేయించు. అవ్వగానే అన్నయ్యని మనింటికి తీసుకొచ్చెయ్. అక్కడ ఒక్కడూ ఉంటే ఇంకో ఏడాది కూడా ఉండడు" అన్నాడు. ఇంత పెద్ద పని నాకు ఒక్క ఫోన్ కాల్‌లో అప్పజెప్పేశాడు.

నా దృష్టిలో అది తేలికైన పనే. రేవుకి వెళ్ళాలి, పంతులుగార్ని పట్టుకోవాలి, అయిపోవాలి, రైలెక్కాలి. రిజర్వేషన్ కూడా చేయించేశాను.

రేవులో ఇసక వేస్తే రాలని జనం. మైకులో తప్పిపోయినవాళ్ళ గుర్తులు చదువుతున్నారు. ఎర్రనీరు మెట్ల మీదకి కొడుతోంది. వరసగా కూర్చున్న పంతుళ్ళలో ఒకాయన్ని నేను ఫోన్లో ముందే మాట్లాడి పెట్టుకున్నాను. ఆయన పెదనాన్నని కూర్చోబెట్టి, మొదలుపెట్టే ముందు పేర్లన్నీ చెప్పమన్నాడు. పెదనాన్న తాతల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, పెద్దమ్మ పేరు చెప్పాడు.

"ఇంకెవరైనా ఉన్నారా బాబూ? పుష్కరాల్లో అందరికీ వదలచ్చు. గురువులు, స్నేహితులు, మీకు మేలు చేసినవాళ్ళు."

పెదనాన్న కాసేపు నీళ్ళకేసి చూశాడు. "ఒకాయన ఉన్నాడండి. లాంచీ నడిపే సరంగు."

"పేరు?"

"తెలీదండి."

"పర్లేదు. పేరు తెలీకపోతే పలానా అని చెప్పి వదలచ్చు. ఎప్పుడు పోయారు?"

"పోయాడో లేదో కూడా తెలీదండి."

పంతులుగారు దర్భలు కింద పెట్టేశాడు. "అదెలా కుదురుతుందండి. బతికున్నవాళ్ళకి నువ్వులు నీళ్ళు వదిలితే వాళ్ళకి ఆయుక్షీణం, మీకు పాపం. మేలు చేసినాయనకి ఇదేనా మీరిచ్చేది."

"అందుకేనండి అడుగుతున్నా. అయితే ఇవాళ వద్దు. ఆయన సంగతి కనుక్కుని వస్తాను, మా ఆవిడకి అప్పుడే చేద్దాం." అని లేచి నిలబడ్డాడు పెదనాన్న.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పెదనాన్నా, రైలుంది మనకి. ఆయనెవరో, ఎప్పటివాడో. ఈపాటికి పోయే ఉంటాడు. పోయాడనుకుని వదిలెయ్యి."

"ఉంటే?" అన్నాడు.

ఒక్క మాట. ఏడాదిగా ఆయన నోట్లోంచి నేను విన్న మాటల్లో ప్రాణం ఉన్న మాట అదొక్కటే.  నా చేతిలో మాత్రం రైలు టికెట్లున్నాయి.

సరంగు అన్న మాట నాకు కొత్త కాదు. మనిషిని చూడలేదు కానీ, అలాంటాయన ఒకడున్నాడని తెలుసు. పెద్దమ్మ రోజూ సాయంత్రం దీపం పెట్టి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఇంట్లో అందరి పేర్లూ వరసగా చెప్పి, చివర్లో "ఆ సరంగు చల్లగా ఉండాలి" అనేది. చిన్నప్పుడు నేను సరంగంటే దేవుడి గట్టు మీద పటాల్లో ఒక దేవుడనుకున్నాను. ఏ పటమో వెతుక్కునేదాన్ని కూడా. కాస్త పెద్దయ్యాక కథ చెప్పింది.

వాళ్ళకి పెళ్ళైన కొత్తలో పెదనాన్నకి కొట్టు లేదు. గిన్నెలు, చెంబులు గోనెల్లో కట్టుకుని లాంచీలో గోదావరి ఎగువకి వెళ్ళి, అక్కడి సంతల్లో అమ్ముకొచ్చేవాడు. ఒకసారి అలా వెళ్తుంటే జ్వరం. పోలవరం దాటేసరికి ఒళ్ళు తెలియకుండా పోయింది, ఫిట్స్ కూడా వచ్చాయి. లాంచీ నిండా పెళ్ళివాళ్ళు. ముహూర్తానికి ఎగువ ఊరు చేరాలి. అయినా సరంగు లాంచీని నది మధ్యలో వెనక్కి తిప్పాడు. పెళ్ళివాళ్ళు తిట్టిపోశారు. తన తువ్వాలు తడిపి పెదనాన్న తల మీద వేసి, పోలవరం రేవులో దింపి, భుజాన వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళి పడుకోబెట్టి వెళ్ళిపోయాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడట. పెదనాన్నకి గుర్తున్నది ఒక్కటే. తువ్వాలు పిండుతున్న చేయి. ఎడంచేతికి చిటికెన వేలు, దాని పక్క వేలు లేవు.

లేచి తిరగడం మొదలెట్టాక సరంగు కోసం రేవుకి వెళ్ళాడట. ఆ లాంచీ వేరే దారికి మార్చారన్నారు. మళ్ళీ వెళ్ళాడు, దొరకలేదు. తర్వాత కొట్టు పెట్టాడు. వెళ్దాం వెళ్దాం అంటూనే ఏళ్ళు గడిచిపోయాయి. "ఆయన కొట్టు చూసుకున్నాడు, నేను దీపం చూసుకున్నాను" అనేది పెద్దమ్మ.

రేవు నుంచి ఇంటికి వస్తూ పెదనాన్న చెప్పాడు. "మీ పెద్దమ్మ ఉన్నంతకాలం ఆ పని ఆవిడ చేస్తోందిలే అనుకున్నానమ్మా. ఆవిడ పోయాక ఆ దీపం దగ్గర నేను నిలబడితే అందరి పేర్లూ గుర్తొచ్చాయి. సరంగు దగ్గరికి వచ్చేసరికి చల్లగా ఉండాలి అనాలో, ఆత్మకి శాంతి కలగాలి అనాలో తెలీలేదు. ఏదో ఒకటి అనేద్దామంటే నోరు రాలేదు."

ఏడాదిగా ఆయన్ని తింటున్నది పెద్దమ్మ లేకపోవడం ఒక్కటే అని మేమందరం అనుకున్నాం. పెద్దమ్మ పోతూ పోతూ ఒక పని ఆయన చేతిలో పెట్టిందనీ, అది ఎలా చేయాలో తెలియక నలిగిపోతున్నాడనీ మాకెవరికీ తెలియదు.

సరే అని టికెట్లు క్యాన్సిల్ చేయించాను. పుష్కరాలు ముగిసేలోపు తేలకపోతే మళ్ళీ పన్నెండేళ్ళు. అన్నాళ్ళు ఆగే ఓపిక నాకు లేదు, ఆయనది ఆగే వయసూ కాదు.

మర్నాడు పొద్దున్నే ఆయన నాకంటే ముందు లేచి తయారై కూర్చున్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. లాంచీల రేవుకి వెళ్ళాం. అక్కడ ఇప్పుడన్నీ టూరిస్టు బోట్లు. కుర్రాళ్ళకి ఏమీ తెలియదు. పక్కన టీకొట్టు పెద్దాయన మాత్రం వేళ్ళ గుర్తు చెప్పగానే తలూపాడు.

"ఆ సరంగా. పోయాడండి. తుఫానొచ్చిన ఏడు పోయాడు."

బల్ల మీద కూర్చున్న ఇంకో ముసలాయన గ్లాసు దించాడు. ఒకప్పుడు లాంచీల్లో ఇంజను చూసేవాడట. "పోయింది ఈయన కాదెహె. కాలు కుంటాయన పోయాడు. వేళ్ళు లేనాయన ఉన్నాడు."

"నువ్వు చూశావా?"

"చూళ్ళేదు. పోతే తెలిసేది కదా."

"నీకెవడు చెప్తాడు? నువ్వు పోతే ఆయనకెవడన్నా చెప్పాడా?"

"నేనెక్కడ పోయాను?"

ఇలా వాళ్ళిద్దరూ సరంగుని ఒకరు చంపుతూ ఒకరు బతికిస్తూ ఉంటే నాకు చిరాకెత్తి, "ఏదో ఒకటి ఖాయంగా చెప్పండి సార్, మాకు టైం లేదు" అన్నాను. ఇంజనాయన నన్ను ఎగాదిగా చూసి, "పాపగారికి కోపం ఎక్కువేనండి. హైదరాబాదా?" అన్నాడు పెదనాన్నతో. పెదనాన్న నవ్వాడు. నవ్వడం చూసి నేను ఫోన్లోంచి తలెత్తాను.

చివరికి తేలిందేంటంటే, సరంగుది పోలవరం అవతల ఏటిగట్టు పక్క ఊరు. అక్కడెవరికైనా ఫోన్ ఉందేమోనని నాకు తెలిసిన నంబర్లన్నీ నొక్కాను. ఫ్రెండు వాళ్ళ బాబాయి, ఆయనకి తెలిసిన ఎరువుల కొట్టు, ఆ కొట్టు పక్క ఎస్టీడీ బూత్. బూత్‌లో ఎత్తినాయన "ఎవరండీ, ఏ సరంగండీ, ఆయ్, కనుక్కుని చెప్తానండి" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఫోన్‌తో అన్నీ అయిపోతాయని నా నమ్మకం. ఇది కాలేదు.

"బస్సుకి పోదాం పదమ్మా" అన్నాడు పెదనాన్న.

వంతెన మీద పుష్కరాల రద్దీలో బస్సు చాలాసేపు కదల్లేదు. కదిలాక కిటికీ పక్కన కూర్చున్న పెదనాన్న తల నెమ్మదిగా వాలి నా భుజం మీదకి వచ్చింది. నిద్రపోయాడు. గురక కూడా పెట్టాడు. మాత్ర లేదు, మంచం లేదు, గోతుల రోడ్డు. అయినా పోలవరం వచ్చేదాకా కదల్లేదు. నా ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి. మామూలుగా అయితే కంపెనీని తిట్టుకునేదాన్ని. ఆయన లేస్తాడేమోనని చెయ్యి కూడా కదపలేదు.

అప్పుడు గుర్తొచ్చాడు ట్రైనరు. కృతజ్ఞత ఉన్నవాళ్ళకి నిద్ర పడుతుందన్న మాట అబద్ధం కాదు. కాకపోతే ఆయన దాన్ని పళ్ళు తోముకోవడంలా చెప్పేవాడు, రోజూ ఇంత చేస్తే ఇంత లాభం అని. పెదనాన్న లాభం కోసం బయల్దేరలేదు. సరంగు ఇంకా దొరకనే లేదు, దొరుకుతాడన్న నమ్మకమూ లేదు. ఒక మనిషి చేసిన మంచిని పట్టుకుని ఆ మనిషి వైపు కదిలాడు, అంతే. నిద్ర దానంతటదే వచ్చింది.

పోలవరంలో ఆటో మాట్లాడుకుని ఏటిగట్టు మీదుగా వెళ్ళాం. ఆటో అబ్బాయికి సరంగు ఇల్లు తెలుసు. మనిషి ఉన్నాడా అని అడిగితే, "ఇల్లయితే ఉందండి" అన్నాడు. రేకుల ఇల్లు, ముందు అరుగు. అరుగు మీద ఒక పెద్దావిడ చేటలో బియ్యం ఏరుతోంది. ఎలా అడగాలా అని పెదనాన్న గొంతు సవరించుకుంటున్నాడు. నేను ఆగలేకపోయాను.

"మామ్మగారూ, సరంగుగారు ఉన్నారా, పోయారా అండి?"

ఆవిడ చేట ఆపి నన్ను చూసింది. "ఉన్నాడు తల్లీ. ఇప్పుడే రెండోసారి టీ కూడా అడిగాడు. పోతే కబురెడతాంలే, మీరెవరో చెప్పండి."

పెదనాన్న నా చెయ్యి గట్టిగా నొక్కాడు. లోపల్నించి ఒక ముసలాయన లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. గుమ్మం పట్టుకున్న ఎడంచేతికి చిటికెన వేలు, పక్క వేలు లేవు.

పెదనాన్న ఆ చేతిని చూస్తూ ఉండిపోయాడు. దారంతా ఏం చెప్పాలని అనుకున్నాడో నాకు తెలియదు. ఇప్పుడు ఒక్క ముక్క రావడం లేదు. చనిపోయినవాళ్ళకైతే నువ్వులూ నీళ్ళూ ఉన్నాయి, మంత్రం ఉంది, చెప్పించడానికి పంతులుగారు ఉన్నారు. ఎదురుగా నిలబడి ఉన్నవాళ్ళకి మన దగ్గర ఏమీ లేదు. థాంక్యూ ఉందనుకోండి. ఆ గుమ్మం ముందు ఆ మాట అంటే నాకే నవ్వొచ్చేది.

"ఎవరండీ మీరు?" అన్నాడు సరంగు.

"గిన్నెలు అమ్ముకునేవాణ్ణండి. మీ లాంచీలో. జ్వరం వస్తే వెనక్కి తిప్పారు. పెళ్ళివాళ్ళున్నారు."

సరంగు కళ్ళు చికిలించాడు. చాలాసేపు పట్టింది. "ఓ, ఆ పెళ్ళివాళ్ళ గొడవ. ఆ గిన్నెల కుర్రాడివి నువ్వా... మీరా అండి? కూకోండి, కూకోండి. ఏవే, కుర్చీ." మళ్ళీ అనుమానంగా, "ఇన్నేళ్ళకి ఏం పని మీద వచ్చారండి?"

పెదనాన్న నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

"పుష్కరాలు కదండి" అన్నాడు పెదనాన్న. "మా ఆవిడకి పిండం పెడుతున్నాం. అందులో మీక్కూడా..." అని ఆగిపోయాడు.

మామ్మగారికి ముందు అర్థమైంది. చేట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది. "ఏవయ్యోయ్, నీకు పిండం పెడదామని వచ్చారంట. నేను రోజూ నోటితో పెడుతున్నాను, వీళ్ళు పాపం పంతులుగారితో పెట్టిద్దామని వచ్చారు."

"లేదండి, లేదండి. ఉన్నారో లేదో కనుక్కుందామని," అని పెదనాన్న కుర్చీలోంచి లేచిపోయాడు.

"కూకోండి షావుకారుగారు. ఉన్నాను కదా. వచ్చింది మంచిదే అయింది, లేపోతే ఉన్నపళంగా పోయేవాణ్ణి," అని సరంగు కూడా నవ్వాడు. నవ్వు ఆగాక కాసేపు అరచేత్తో మోకాలు రాసుకున్నాడు. "మీరింత దూరం వచ్చారు కాబట్టి ఒక మాట చెప్పాలండి. చెప్పపోతే బాగోదు. ఆ రోజు నేను లాంచీ తిప్పింది మీ కోసం కాదండి."

"అంటే?" అన్నాను నేను.

"మిషను వేడెక్కిపోయింది తల్లీ. ఎగువకి పోయే పరిస్థితి లేదు. మిషను బాలేదంటే పెళ్ళివాళ్ళు నన్ను ఏట్లో ముంచేసేలా ఉన్నారు, బయల్దేరేటప్పుడే చూసుకోవద్దా అని. అప్పటికి ఈయన పడిపోయి ఉన్నాడు. మనిషి పోయేలా ఉన్నాడు, తిప్పేస్తున్నాను అని అరిచాను. ఇంక ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే మీరే నన్ను కాపాడారండి ఆ రోజు."

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇప్పుడెవరు అడిగారు ఈ నిజం? ఎన్నేళ్ళ దీపాలు, ఎన్ని దణ్ణాలు. ఏడాది తర్వాత ఇవాళే కాస్త నిద్రపోయిన మనిషి మొహాన ఇది కొట్టాలా? నోరు తెరవబోతూ పెదనాన్న మొహం చూశాను.

ఆయన మొహంలో ఏమీ పడిపోలేదు. శ్రద్ధగా వింటున్నాడు, బేరం చివర్లో ఖరారు మాట వింటున్నట్టు.

"సరేనండి," అన్నాడు. "తిప్పింది మిషను. మరి తువ్వాలు తడిపి నా తల మీద వేసింది?"

"అది నేనేలెండి."

"రేవు నుంచి ఆస్పత్రికి భుజం మీద వేసుకెళ్ళింది?"

"అది మాత్రం ఎవరైనా చేస్తారు కదండి."

"లాంచీ నిండా జనం ఉన్నారు కదండి. చేసింది మీరు."



నేను మా పెదనాన్నని అంతకుముందూ ఇష్టపడ్డాను. ఆ మాట అన్నప్పటి నుంచి నాకాయనంటే గౌరవం. ఆయన స్థానంలో నేనుంటే మోసపోయినట్టు బాధపడేదాన్ని, ఇన్నాళ్ళూ అనవసరంగా మోశానని. ఆయన అలా అనుకోలేదు. వచ్చిన కొత్త నిజాన్ని తీసుకుని, పాతదాంట్లో కలిపి చూసి, మిగిలింది చాలనుకున్నాడు. నిజానికి ఆ మిగిలింది ఆయనకి అసలు కంటే ఎక్కువగా కనిపించిందనుకుంటాను. లాంచీ తిప్పడం పెద్ద సంగతి, ఎవరైనా చెప్పుకుంటారు. తువ్వాలు పిండడం ఎవరూ చెప్పుకోరు. చేసినాయనకే లెక్కలో లేదు.

దారిలో ఎప్పుడో నేను, "ఇంత కష్టమెందుకు పెదనాన్నా, రుణం తీర్చుకోవడానికా?" అంటే ఆయనకి నచ్చలేదు. "అప్పు వేరమ్మా. అప్పుంటే ఆ వీధిలోంచి వెళ్ళడం మానేస్తాం. ఇది ఉంటే ఆ మనిషిని చూడాలనిపిస్తుంది" అన్నాడు. అరుగు మీద ఆయన కూర్చున్న తీరు చూశాక ఆ మాట అర్థమైంది.

మామ్మగారు టీ తెచ్చింది. నవ్వు మానేసి మామూలుగా అడిగింది. "మీ ఆవిడ ఎప్పుడు పోయిందండి?"

పెదనాన్న చెప్పాడు. జబ్బు సంగతి, చివరి రోజులు. ఆ తర్వాత దీపం సంగతి చెప్పాడు. మేనకోడళ్ళ పేర్లు, మరుదుల పేర్లు, వాళ్ళ పిల్లల పేర్లు, చివర్లో "ఆ సరంగు చల్లగా ఉండాలి."

"అంటే నా గురించా?" అన్నాడు సరంగు.

"మీ గురించేనండి."

"అప్పుడెప్పుడో ఒకసారా?"

"రోజూనండి. ఒంట్లో బాగోనప్పుడు మంచం మీద నుంచి కూడా."

సరంగు టీ గ్లాసు కింద పెట్టాడు. మామ్మగారు ఆయన్ని ఏదో అనబోయి ఆగిపోయింది. తర్వాత ఆవిడే నాకు వంటింట్లో చెప్పింది. రోడ్లు పడి లాంచీలు ఆగిపోయాక ఈయన ఎవరికీ అక్కర్లేకుండా పోయాడట. కొడుకులు వేరే పనుల్లో ఉన్నారు. ఏటి మీద అంత బతుకు బతికి ఏం మిగిలింది, నేనొకణ్ణున్నానని ఎవడికి తెలుసు అని పొద్దుపోని రోజుల్లో గట్టు మీద కూర్చుని అదే అనేవాడట. "నేను తిట్టడం ఎందుకంటే తల్లీ, ఆ ధ్యాసలోంచి లాగడానికే. తిడితే కాస్త తిరగబడతాడు" అంది.

మేం బయటికి వచ్చేసరికి సరంగు చొక్కా వేసుకుని ఉన్నాడు. పెదనాన్నని గట్టు మీదకి తీసుకెళ్ళి ఏరు చూపిస్తున్నాడు. లాంచీ ఎక్కడ తిప్పాడో, ఇసక మేట ఎక్కడుండేదో, ఎర్రనీటిలో దారి ఎలా పోల్చుకునేవాడో. సైకిల్ మీద వెళ్ళేవాళ్ళని ఆపి మరీ చెప్తున్నాడు.

"ఈయన రాజమండ్రి షావుకారుగారు. నా కోసం వచ్చారు."

"ఏం పనండీ?"

"పనేం లేదు. నన్ను చూట్టానికి."

మధ్యాహ్నం దాటుతుండగా బయల్దేరదామని నేను ఆటో అబ్బాయిని పిలిచాను. పెదనాన్న తృప్తిగానే ఉన్నాడు. తేలవలసింది తేలింది. సరంగు ఉన్నాడు కాబట్టి ఆయన పేరు పంతులుగారికి చెప్పక్కర్లేదు. రేపు పెద్దమ్మకి చేసేస్తే సరి. అప్పుడు సరంగు భార్యతో ఏదో గుసగుసగా మాట్లాడి, పెదనాన్న దగ్గరికి వచ్చాడు.

"షావుకారుగారు, పుష్కరాలకి తీసుకెళ్ళమని ఇది మొదట్నించీ పోరుతోందండి. నేనే కదల్లేదు. ఇప్పుడు మీతో వస్తామండి. ఇంకోటి." భార్యకేసి చూశాడు. "మీ ఆవిడకి నేను కూడా నీళ్ళు వదలచ్చా అండి?"

పెదనాన్న తలూపాడు. నేను ఆటో అబ్బాయి చెప్పిన రేటుకి బేరమాడకుండా సరేనన్నాను. మామ్మగారు సంచిలో బట్టలు పెట్టుకుని, ఇంటి తాళం పక్కింటికి ఇచ్చి, "పిండం పెట్టించుకోడానికి వెళ్తున్నారా అని ఎవరన్నా అడిగితే, లేదు పెట్టడానికి వెళ్తున్నాం అని చెప్పు" అంది వాళ్ళతో.

ఆ సాయంత్రం పెదనాన్న వాళ్ళకి తన గది ఇచ్చేసి, పెద్దమ్మ దేవుడి గట్టు దగ్గర దీపం పెట్టాడు. పేర్లన్నీ చెప్పాడు. చివరి మాట దగ్గర ఈసారి తడుముకోలేదు. గుమ్మంలో నిలబడిన సరంగు తన గురించిన మాట తన చెవులతో విని, ఎటు చూడాలో తెలియక గోడమీది క్యాలెండర్ చూశాడు.

పొద్దున్న రేవులో పంతులుగారు మమ్మల్ని గుర్తుపట్టాడు. "తేలిందా అండి, ఆయన సంగతి?"

"ఇదిగోండి, ఈయనే" అన్నాడు పెదనాన్న.

పంతులుగారు సరంగుని పైనుంచి కిందికి చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. సంగతి చెప్పాక కూడా ఇంకో చిక్కు తెచ్చిపెట్టాడు. "మరి ఈయన ఆవిడకి ఎలా వదులుతారండి? ఆవిడ ఈయనకి ఏమవుతుంది?"

నేను గొడవకి సిద్ధమయ్యాను. పెదనాన్న ఏదో సర్దిచెప్పబోయాడు. ఈలోపు సరంగే చెప్పాడు, చేతులు కట్టుకుని.

"ఏమీ అవదండి. నన్ను ఆవిడ గుర్తుపెట్టుకుంది."

పంతులుగారు మమ్మల్ని నలుగుర్నీ ఒకసారి చూసి, ఇంకేం అడగకుండా దర్భలు తీశాడు.

పెదనాన్న పని అయ్యాక సరంగు నీళ్ళలోకి దిగాడు. ఏటి మీదే బతికినవాడికి నీళ్ళు వదలడం చేతకాలేదు. దోసిలి నిండా తీసుకుని ముందుకి పోసేస్తున్నాడు. "అలా కాదండి, బొటనవేలి పక్కనుంచి జారాలి" అని పంతులుగారు చెప్తున్నా కుదరడం లేదు. వేళ్ళు లేని వైపు నుంచి నీళ్ళు ముందే కారిపోతున్నాయి. పెదనాన్న మళ్ళీ మెట్లు దిగి, నడుం లోతు నీళ్ళలో ఆయన పక్కన నిలబడ్డాడు. తన చేతిని ఆ ఎడంచేతి కింద అడ్డం పెట్టి కుడి మణికట్టుని కొంచెం వంచాడు. నువ్వులు, నీళ్ళు బొటనవేలి పక్కనుంచి జారి ఎర్రటి గోదాట్లో పడ్డాయి. పంతులుగారు పెద్దమ్మ పేరు చెప్పాడు. సరంగు ఆ పేరు మొదటిసారి పలికాడు, తప్పు పోతుందేమోనని నెమ్మదిగా.